ఏడో వరుస

మా ప్రకాశం బజార్‌లో చందాకు వచ్చేవాణ్ని దూరం నుంచే గుర్తుపడతాం. చంకలో రసీదు పుస్తకం, ముఖం మీద ఇంటి దగ్గరే తొడుక్కొచ్చిన నవ్వు. వినాయకుడి మండపానికి, బోనాలకు, అన్నదానానికి, కబడ్డీ పోటీలకు... ముప్పై ఏళ్లుగా స్టీలు సామాన్ల దుకాణంలో గల్లా పెట్టె ముందు కూర్చుని ఇస్తూనే ఉన్నాను. ఎవరికి నూట పదహారు, ఎవరికి ఐదు వందల పదహారు, ఎవరికి "పొద్దుగూకినంక రా" అనేది మనిషి చెప్పులు చూసి తేల్చేస్తాను.

పీఈటీ సారు మాత్రం నా లెక్కకు అందలేదు. రసీదు పుస్తకం లేదు, నవ్వూ లేదు. కాళ్లకు మడమల దగ్గర అరిగిపోయిన కాన్వాస్ బూట్లు.

"సేటూ, నేను ఉరుకుత. కిలోమీటరుకు ఇంత అని మీరు పైసలియ్యాలె" అన్నాడు.

"నువ్వు ఉరికితే నేనెందుకియ్యాలె సారూ? బస్సెక్కి పో. టికెట్ పైసలిస్త."

పక్కన గిన్నెలు సర్దుతున్న నా కొడుకు కిసుక్కున నవ్వాడు. సారు నవ్వలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు.

ఏడెనిమిదేళ్ల పిల్లవాడు నేల మీద కూర్చుని ఉన్నాడు. లేవమని ఎవరో అంటున్నారు. వాడు ముందు బోర్లా తిరిగి రెండు చేతులూ నేలకు ఆనించాడు. నడుము పైకెత్తాడు. ఒక చెయ్యి మోకాలి మీద వేశాడు, రెండోది తొడ మీద. తన కాళ్ల మీద తానే చెట్టెక్కుతున్నట్టు జానెడు జానెడు పాక్కుంటూ పైకొచ్చి నిలబడ్డాడు. నిలబడి, కప్పు గెలిచినవాడిలా ఫోన్ వంక చూసి నవ్వాడు. పిక్కలు మాత్రం పహిల్వాన్ పిక్కల్లా ఉన్నాయి.

"పోరడు గట్టిగనే ఉన్నడు గద?" అన్నాను.

"ఆ పిక్కల్ల ఉన్నది కండ కాదు సేటూ, కొవ్వు. మా అక్క కొడుకు. దేవరకద్ర."

సారుది పాలమూరు. ఉద్యోగం మా నల్లగొండలో. మేనల్లుడు పదే పదే కిందపడుతుంటే ఒకాయన బలానికి టానిక్ రాశాడట. ఇంకొకాయన బూట్లు మార్చమన్నాడట. ఒక ముసలమ్మ దిష్టి తీసింది. నాలుగేళ్లు గడిచాక హైదరాబాద్‌లో ఒక జన్యువైద్యురాలు చూసీ చూడగానే పేరు చెప్పింది. డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. కండరాన్ని చిరిగిపోకుండా పట్టి ఉంచే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ ఒంట్లో తయారు కాదు. ఇంచుమించు మగపిల్లలకే వస్తుంది. పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామంది చక్రాల కుర్చీకి చేరతారు.

"పేరు తెలిసింది గద, మరి మందు?"

"అసలు కత అక్కడనే ఉన్నది సేటూ. లక్షల మందికి వచ్చే రోగమైతే కంపెనీలు ఎగబడి మందు చేస్తయి. వేలల్ల ఒక్కనికి వచ్చేదానికి ఎవరు పెట్టుబడి పెడ్తరు?"

ఈ మాట నాకు టక్కున ఎక్కింది. గిరాకీ లేని సరుకు ఎవడు తయారుచేస్తాడు? మరచెంబులు అడిగేవాళ్లు నెలకొకరున్నా లేకున్నా, వాళ్ల కోసం నేను మాత్రం అర నిండా తెచ్చి పెడుతున్నానా? తయారైన మందుకేమో ధర ఆకాశంలో. ఎస్‌ఎంఏ అనే జబ్బుకు 16 కోట్ల ఇంజెక్షన్ 2021లో హైదరాబాద్ పిల్లవాడికి వేయించడానికి దేశమంతా చందాలేసిన సంగతి పేపర్లలో చదివిందే. ప్రభుత్వం కూడా అదే ఏడాది అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది. మరుసటి ఏడాదికి సాయాన్ని మనిషికి 50 లక్షల దాకా పెంచింది. 50 లక్షలు చిన్న మొత్తమని నేననను. 16 కోట్ల పక్కన పెట్టి చూస్తేనే చిన్నది.

"అందుకే మందు కొనెటందుకు కాదు, మందు వెతికేటోళ్ల కోసం ఉరుకుత" అన్నాడు సారు.

ఇది ఆయన సొంత బుర్రలో పుట్టింది కాదు. బెంగళూరులో ఆర్గనైజేషన్ ఫర్ రేర్ డిసీజెస్ ఇండియా అనే సంస్థ 2016 నుంచి 'రేస్ ఫర్ సెవెన్' అని ఒక పరుగు పెడుతోంది. ప్రపంచంలో అరుదైన జబ్బులు 7 వేల దాకా ఉన్నాయి, ఒక్కోటి ఏమిటో తేలడానికి సగటున 7 ఏళ్లు పడుతుంది, అందుకని 7 కిలోమీటర్లు. దీనికి పెద్దతాత కెనడాలో ఉన్నాడు. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోయిన టెర్రీ ఫాక్స్ అనే కుర్రవాడు 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు రోజుకు దాదాపు ఒక మారథాన్ చొప్పున 5,373 కిలోమీటర్లు ఉరికాడు. దేశంలో తలకొక డాలర్ పరిశోధనకు ఇమ్మన్నాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. ఆయన పేరు మీద పరుగులు ఇప్పటికీ నడుస్తున్నాయి. సారు ఫోన్ తెరిస్తే ముందు కనిపించేది ఆ కుర్రవాడి బొమ్మే.

కిలోమీటరుకు వెయ్యి రాయించుకున్నాడు నా చేత. ఇంకా ముందుకు పోయి, "మీరే పెద్దమనిషిగ ఉండాలె" అన్నాడు. పెద్దమనిషి అంటే కాదనే వ్యాపారిని నేనింతవరకు చూడలేదు.

బజార్ వాళ్లందరినీ ఒక సాయంత్రం పిలిచి చాయ్ పోయించాను. సారు మాట్లాడాడు. అందరూ తలలూపారు. వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన లేచాడు. మర్రిగూడ వైపు ఊరు, రిటైరైన టీచరు. మెడ తిప్పలేడు, అందుకే సారు వైపు చూడడానికి మొత్తం మనిషి తిరిగాడు.

"అరుదైన రోగాలకు ఉరుకుతున్నరు, సంతోషం. మా ఊర్ల రోగం అరుదు కాదు గద, అందుకని ఎవ్వరు ఉరకలేదు."

గది చల్లబడింది. ఫ్లోరోసిస్ మాట ఎత్తితే నల్లగొండలో ఎవరికైనా తల దించుకోవడం తప్ప జవాబుండదు. నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే చేటని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, అంతకు ఎన్నో రెట్లున్న బోరునీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్లు మావి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాల పుస్తకాల్లో కూడా మా ఊరి పేరు అలా ఎక్కింది. ఇలాంటి కీర్తి పగవాడికి కూడా వద్దు.

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. "ఎందుకురకలేదు సారూ? తొంభై ఆరుల ఉరకలేదా?" అన్నాను.

పెద్దాయన ముఖం విచ్చుకుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద నీళ్ల కోసం నామినేషన్లు వేస్తే, నల్లగొండ ఒక్క సీటుకు 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. పోలింగ్ వాయిదా పడింది. పోటీ అన్న మాటకు మా జిల్లా చెప్పిన అర్థం అది. గెలవడానికి కాదు, లెక్కపెట్టలేక అలసిపోవడానికి. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. ఆ దెబ్బకు ఢిల్లీ వాళ్లు దాన్ని ఏకంగా 10 వేలు చేశారు. నీళ్లకంటే ముందు అది పెరిగింది.

"నేను గూడ ఏసిన నామినేషన్" అన్నాడు పెద్దాయన. జేబులోంచి ఐదు వందల నోటు తీసి సారు చేతిలో పెట్టాడు. "డిపాజిట్ అనుకో. నా మెడ తిరగదు బిడ్డా, నీకు తిరుగుతది. అయినా ఎనకకు చూడకుండ ఉరుకు."

ఆ తర్వాత ఎవరూ తక్కువ ఇవ్వలేకపోయారు. నా వ్యాపార జీవితంలో ఐదు వందలతో అంత పని జరగడం నేను చూడలేదు.

ఇక మిగిలింది ప్రచారం. ప్రచారం సంగతి నాకు వదిలెయ్ అన్నాను. సారు గుండ్రటి చేతిరాతతో పాంప్లెట్ రాసుకొచ్చాడు. పైన నాలుగు మాటలు, కింద ఏడు జబ్బుల పేర్లు, ఒక్కోదానికి ఒకటి రెండు ముక్కల వివరం. హీమోఫీలియా, డుషేన్, ఎస్‌ఎంఏ, గాషే, పాంపే, విల్సన్, ఆపైన ఏడోది. ప్రెస్సు కుర్రవాడు కొలిచి చూసి, దాతల పేర్లకు చోటు చాలదు, ఒక వరుస తగ్గించాలన్నాడు.

ఎర్ర పెన్ను అందుకున్నాను. ఏడోదాని పేరు రెండుసార్లు చదివినా నోరు తిరగలేదు. దాని పక్కన ఇంకేదో రాసి ఉంది, అక్కడిదాకా పోలేదు.

"సేటూ, అది తీయకుండ్రి" అన్నాడు సారు. "మీ నల్లగొండల పంచుతున్నరు గద, ఇది తప్పక రాయిండ్రి అని ఆ డాక్టరమ్మ చెప్పి మరీ రాయించింది."

"ఎవరికి తెలుస్తది సారూ ఈ పేరు? చదివెటోడు పళ్లూడగొట్టుకోవాలె. ఏడుకు ఆరుంటే ఎవరు లెక్కపెడ్తరు?"

ఒకరు లెక్కపెట్టారు. ఫిబ్రవరి చివరి ఆదివారం పొద్దున గడియారం స్తంభం దగ్గర టీషర్టులు పంచుతుంటే ఏడో తరగతి పిల్ల ఒకతె పాంప్లెట్ పట్టుకొచ్చింది. "ఏడు జబ్బులని రాసిన్రు, ఆరే ఉన్నయి సార్" అంది.

"ఏడోది మా దుకాణం బిడ్డా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. సారు టీషర్టులు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాడు.

పరుగు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి ముప్పావుగంట ఆలస్యం. పానగల్లు చెరువు దాకా వెళ్లి రావడం. ఏడు కిలోమీటర్లు సరిగ్గా రావడానికి సారు ముందురోజే సైకిల్ మీద కొలిచి సున్నంతో గీత గీశాడు. రెండు వందల మంది దాకా ఉరికారు. నేను రెండు కిలోమీటర్లు ఉరికి, రెండు నడిచి, మిగతావి కొడుకు స్కూటీ మీద పూర్తిచేశాను. మెడ తిరగని పెద్దాయన చెరువు కట్ట మీద కుర్చీ వేసుకుని కూర్చుని వచ్చినవాడికల్లా నిమ్మకాయ నీళ్లు ఇచ్చాడు. వసూలైన డబ్బు పైసాతో సహా జన్యు పరిశోధనకు పంపించాడు సారు. టీషర్టుల ఖర్చు నేను పెట్టుకున్నాను. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. సారు నా భుజం వెనక సగం కనిపిస్తాడు.

నలభై రోజులు గడిచాయి. ఒక రాత్రి బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపు దిగి, కత్తిలా గుచ్చుకోవడం మొదలైంది. ఊళ్లోనే ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. అపెండిక్స్, పగిలేలా ఉంది, ఇప్పుడే తీయాలన్నారు. మత్తు డాక్టరు వచ్చి గబగబా అడిగాడు. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఇంతకుముందు ఆపరేషన్ అయిందా, ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా? అన్నిటికీ లేదు, లేదు అన్నాను. యాభై నాలుగేళ్ల వరకు ఒంటి మీద కత్తి పడని మనిషిని. అంకెలు లెక్కపెట్టమన్నారు. మూడు దాకా గుర్తుంది.

తర్వాత సంగతి ఇప్పటికీ రాత్రిళ్లు వస్తుంది. ముందు చెవులు మేలుకున్నాయి. ఏదో యంత్రం టిక్, టిక్ అంటోంది. నర్సు గాజులు గలగలమన్నాయి. కళ్లు తెరుద్దామనుకున్నాను. రెప్ప నా మాట వినలేదు. వేలు కదుపుదామనుకున్నాను. అదీ వినలేదు. గొంతులో గొట్టం. ఊపిరి పీల్చుకోవాలనుకుంటే ఛాతీ నాది కానట్టు కదలకుండా ఉంది, యంత్రం తనకు తోచినప్పుడు గాలి పంపుతోంది. "కుట్లేసి అరగంట అయింది, ఇంకా సొంతంగా ఊపిరి తీసుకుంటలేడు" అని ఎవరో అంటున్నారు. నేను బతికే ఉన్నానని చెప్పడానికి నా దగ్గర ఒక్క కండరం కూడా లేదు. అప్పుడు గుర్తొచ్చాడు దేవరకద్ర పిల్లవాడు. వాడికి కనీసం చేతులున్నాయి, కాళ్లెక్కడానికి.

మత్తు డాక్టరు తెలివైనవాడు. మళ్లీ నిద్రపుచ్చమని చెప్పి, బయటికి వెళ్లి మా ఇంటామెను ఒకే ప్రశ్న అడిగాడట.

"అమ్మా, మీరు వైశ్యులా?"

ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. "లోపల మనిషి లేస్తలేడంటే కులమడుగుతున్నరేంది సారూ? పైసలుంటయా ఉండయా అనా?"

"కాదమ్మా. చెప్పండి."

"అవును. ఈయన మా మేనమామ కొడుకే."

డాక్టరు, "అయితే భయం లేదు, ఆలస్యమవుతుంది అంతే" అన్నాడట. ఆరు గంటలు యంత్రం మీదే ఉంచారు. తెల్లవారాక నా వేలు నా మాట వింది.

మధ్యాహ్నం డాక్టరు మంచం పక్కన కూర్చుని చెప్పాడు. అత్యవసరంగా గొంతులో గొట్టం వేయాల్సినప్పుడు కండరాలు వదులు కావడానికి సక్సినైల్ కోలిన్ అనే మందిస్తారు. మామూలు మనిషి రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. కొందరిలో ఆ ఎంజైమ్ పనిచేయదు. అప్పుడు గంటలు పడుతుంది. యంత్రం పెట్టి కాపలా కాస్తే మనిషి బతుకుతాడు, లేకపోతే లేదు. ఆ మందు పడేవరకు ఏ లక్షణమూ ఉండదు. నూరేళ్లు బతికి, తెలియకుండానే పోయేవాళ్లూ ఉంటారు.

"లోకంలో ఇది చాలా అరుదండి. మీవాళ్లలో మాత్రం కాదు" అన్నాడు. సీసీఎంబీ తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందాలు 260కి పైగా సమూహాల జన్యువులు చూసి 2017లో ప్రచురించిన పరిశోధన గురించి చెప్పాడు. వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే నూరు రెట్లు ఎక్కువట. ఎన్నో తరాల కిందట కొద్దిమంది నుంచి పెరిగిన కులం, పెళ్లిళ్లు బయటికి పోని ఆచారం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి దెబ్బతిన్న జన్యువు కలిస్తే ఇలా అవుతుందట. మేనరికాన్ని మేము ఆస్తి చెదరకుండా ఉండడానికి అనుకుంటాం. చెదరకుండా ఉన్నవాటిలో ఇదీ ఉంది.

మంచం కాళ్ల దగ్గర కూర్చున్న మా అమ్మ మెల్లగా అంది: "మీ చిన్నాయన గూడ గిట్లనే గద కొడకా. బుడ్డ ఆపరేషన్‌కు పోయి లేవనే లేదు. మత్తు ఎక్కువైందన్నరు. మన రాత అనుకున్నం."

డాక్టరు చీటీ మీద లోపం పేరు తెలుగులో, ఇంగ్లీషులో రాసిచ్చాడు. ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి, ఏ ఆపరేషన్‌కైనా ముందు చూపించాలి. అన్నదమ్ములు, చెల్లెలు, కొడుకు, ఇంటామె, అందరికీ మామూలు రక్తపరీక్ష ఒకటి చేయిస్తే తేలిపోతుందన్నాడు.

సాయంత్రం పీఈటీ సారు వచ్చాడు, నాలుగు బత్తాయిలు పట్టుకుని. చీటీ తీసి చదివాడు. మళ్లీ చదివాడు. ఫోన్ తీసి వేలితో పైకి పైకి జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగాడు. ఏమీ అనకుండా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏంది సారూ?"

"ఏం లేదు సేటూ. ముందుగాల మీరు లేచి తిరుగుండ్రి."

"చూపియ్యి."

ఇష్టం లేకుండానే ఇచ్చాడు. ప్రెస్సుకు వాట్సాప్‌లో పంపిన కాగితం ఫోటో. ఆరు వరుసల కింద ఏడోది, సారు గుండ్రటి అక్షరాల్లో: "7. సూడోకోలినెస్టరేజ్ లోపం. మన దగ్గర ఆర్యవైశ్య కుటుంబాల్లో ఎక్కువ. ఆపరేషన్ అవసరం పడకముందే రక్తపరీక్ష చేయించుకోండి."

దాని మీద అడ్డంగా ఎర్ర పెన్ను గీత. పక్కన నా చేతిరాత: "అన్ని రకాల స్టీలు సామాన్లు హోల్‌సేల్ ధరలకే."

మూడు వేలు వేయించాం. అందులో వెయ్యి మా వాసవీ అమ్మవారి గుడి ముందు నిలబడి నా చేత్తోనే పంచాను.